గుర్రం ముందు నడిచిన మనిషి

ఆ ఇంట్లో గోడలకు ఆనించి పెట్టిన బొమ్మలన్నిటిలోనూ ఆడవాళ్ళూ గుర్రాలే. మొదటి రోజు వంట పనికి వెళ్ళినప్పుడు కూరగాయల సంచి కింద పెట్టడం కూడా మరిచిపోయి చూస్తూ నిలబడ్డాను. ఒకదాంట్లో ఒకామె గుర్రం మెడకు చెంప ఆనించి ఉంది. మరోదాంట్లో ముగ్గురు ఆడవాళ్ళు నడిచి వస్తుంటే వాళ్ళ మధ్యలోంచి నీలం రంగు గుర్రం తల ఎగరేస్తూ దూసుకొస్తోంది. నీలం గుర్రం ఎక్కడుంటుందని నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. కొత్త ఇల్లు, కొత్త మనిషి. గుర్రాలకు కళ్ళున్నాయి, ముక్కుపుటాలున్నాయి, ఒకదానికైతే పళ్ళు కూడా కనబడుతున్నాయి. ఆడవాళ్ళకు మాత్రం ముఖం ఉండాల్సిన చోట ఒట్టి రంగు పూసి ఉంది. కొందరు అసలు అటు తిరిగే ఉన్నారు.

కొత్తగూడెం దాటి భద్రాచలం పోయే రోడ్డు మీద మా ఊరు. ఆ మేడమ్ హైదరాబాదు నుంచి వచ్చి మా వీధి చివరి ఇల్లు కిరాయికి తీసుకుంది. యాభై ఏళ్ళుంటాయి. ఒక్కతే వచ్చింది. ఆమె వెనకాల ఒక వ్యాను నిండా చుట్టలు చుట్టిన గుడ్డలు, కర్ర చట్రాలు, రంగు డబ్బాలు వచ్చాయి. నేను హాస్టల్లో వంట మానేసి అప్పటికి కొంతకాలమైంది. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. మధ్యాహ్నం పూట వంట చేసి పెట్టే మనిషి కావాలని ఆటో నడిపే అతను చెబితే నేనే వెళ్ళి అడిగాను.

వీధిలో వాళ్ళకు ఆమె సంగతి తెలుసుకోవాలని నా కంటే ఎక్కువ ఆత్రం. గుర్రాల బొమ్మలు వేస్తుందని చెప్పగానే ఎదురింటావిడ, పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తోలే వాళ్ళ మనిషేమో అంది. మా చర్చిలో పాస్టరమ్మ గారు మాత్రం గంభీరంగా, గుర్రాలు ఏ రంగువని అడిగారు. తెలుపు, ఎరుపు, నలుపు ఉన్నాయా అన్నారు. అంత్యకాలంలో వచ్చే నాలుగు గుర్రాల గురించి పాస్టరు గారు ఆ నెలంతా వాక్యం చెబుతున్నారు మరి. నేను మర్నాడు వెళ్ళి లెక్కపెట్టుకుని వచ్చి, ఎరుపు ఉంది గానీ నీలమే ఎక్కువగా ఉందని చెప్పాను. నీలం గుర్రం వాక్యంలో లేదని తేల్చి ఆమె ఊపిరి పీల్చుకున్నారు.

నాకు చదవడం యాభై దాటాక వచ్చింది. చర్చి ఆడవాళ్ళందరం మధ్యాహ్నాలు కూర్చుని నేర్చుకున్నాం. అప్పటి నుంచి ఏది కనబడినా దాని కింద ఏమైనా రాసి ఉందేమోనని వెతకడం అలవాటైంది. దవాఖానాలో బోర్డులు, బస్సు వెనక రాతలు, అగ్గిపెట్టె మీద అక్షరాలు, ఏదీ వదలను. ఆ బొమ్మల కింద వెతికాను. ఒక మూలన ఇంగ్లీషులో సంతకం తప్ప ఏమీ లేదు. ఇవి ఎవరి బొమ్మలో, ఆ ఆడవాళ్ళు ఎక్కడికి పోతున్నారో ఒక్క ముక్క కూడా రాయలేదు. రాయకపోతే తెలిసేదెట్లా? అడగాల్సిందే.

పప్పు దించి అడిగాను. ఆడవాళ్ళ పక్కన ఎప్పుడూ గుర్రాన్నే ఎందుకు పెడతారని.

మేడమ్ చేతికి అంటిన రంగు తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించింది. నేను అడిగినవాటికి ఆమె తేలిగ్గా జవాబు చెప్పి పంపేది కాదు. అందుకే నాకు ఆమె నచ్చింది.

"ఆడమనిషిని ఒక్కదాన్నే వేస్తే నిలబడిపోతోందమ్మా," అంది. "పక్కన గుర్రం ఉంటే ఎక్కడికో పోతున్నట్టు ఉంటుంది."

"ఎక్కడికి?"

"అది నాకూ తెలియదు."

ముఖాలు ఎందుకు వేయరని కూడా అడిగాను. ముఖం వేస్తే ఆమె ఎవరో ఒక్కరు అయిపోతుందనీ, వేయకపోతే ఎవరైనా కావచ్చనీ చెప్పింది. ఈ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. ఎవరైనా కావచ్చు అంటే ఎవరూ కాకపోవడమే కదా అనుకుంటూ గిన్నెలు కడిగాను.

అసలు నా మనసులో ఉన్న సందేహం వేరే. దాన్ని బయట పెట్టడానికి ఇంకో వారం పట్టింది. ఆ గుర్రాలకు తాడు లేదు. వీపు మీద బరువు లేదు. బరువు లేకుండా, తాడు లేకుండా గుర్రాన్ని నేను ఎన్నడూ చూడలేదు. మేడమ్‌తో ఆ మాట అన్నాను. నువ్వు గుర్రాన్ని ఎక్కడ చూశావమ్మా అని ఆమె కుంచె పక్కన పెట్టి ఎదురుగా వచ్చి కూర్చుంది.

మా అమ్మకు తట్టు గుర్రం ఉండేది.

ఈ సంగతి నేను చాలామందికి చెప్పలేదు. చెబితే నమ్మరు, గుర్రం అనగానే రాజులను ఊహించుకుంటారు. మాది పొట్టి గుర్రం. కడుపు కిందికి వేలాడుతూ, వీపు మీద ఒక చోట వెంట్రుకలు ఊడి నున్నగా ఉండేది. అంగట్లో రాళ్ళ ఉప్పు కొని దాని మీద వేసి, వాగులు దాటి అడవి గూడేలకు తీసుకుపోయి అమ్మేది అమ్మ. డబ్బు తక్కువ, మార్పిడి ఎక్కువ. ఉప్పు పోసి చింతపండో కుంకుడుకాయలో ఇప్పపువ్వో తెచ్చుకునేది. మా నాయన కూలికి పోయేవాడు. గుర్రం పని అంతా అమ్మదే.

గుర్రం వీపు మీద అటొకటి ఇటొకటి వేలాడేట్టు జంట గోనె సంచి వేస్తారు. దాన్ని కంట్లం అనేవాళ్ళం. ఒక సంచిలో ఉప్పు ఉండేది. రెండో సంచిలో నేను ఉండేదాన్ని. అంత దూరం నడవలేని వయసు. ఇంట్లో వదిలితే చూసేవాళ్ళు లేరు. నా బరువుకు సరిపడా ఉప్పు ఆ పక్క వేసేది అమ్మ. గూడెం గూడెంలో ఉప్పు తగ్గిపోతుంటే అటు పక్క చింతపండు వేసేది. చింతపండు దొరకని రోజు వాగులో రాళ్ళు ఏరి వేసేది. లేకపోతే కంట్లం నా వైపు జారి నేను గుర్రం కడుపు కిందికి పోతాను. వాన పడితే ఉప్పు మీద టేకాకులు కప్పేది. నా మీద కూడా అవే ఆకులు. టేకాకు నలిపితే చేతికి ఎర్రగా అంటుకుంటుంది కదా, నేను ఇంటికి వచ్చేసరికి ఒళ్ళంతా ఎర్రగా ఉండేదాన్నట. అమ్మ ముందు తాడు పట్టుకుని నడిచేది. మా అక్క పుల్ల పట్టుకుని వెనక నుంచి గుర్రాన్ని అదిలించేది. అక్కకు అప్పుడు తొమ్మిదీ పదేళ్ళు ఉంటాయి.

మేడమ్ ఇదంతా కన్నార్పకుండా విన్నది. ఉప్పుకు సరితూకం పిల్ల అని తనలో తను గొణుక్కుంది. మళ్ళీ మళ్ళీ అడిగి కంట్లం ఎట్లా కుడతారో, తాడు గుర్రానికి ఎక్కడ కడతారో చెప్పించుకుంది. గోనె సంచి తెచ్చి కుర్చీ వీపు మీద వేసి చూపించాను. కుర్చీ ఒక పక్కకు ఒరిగి పడబోతే ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు కూర మాడింది.

తర్వాత ఇంటికి వచ్చి ఆలోచించుకున్నాను. నాకు ఆరో ఏడు నిండకముందే అమ్మ జ్వరంతో పోయింది. నాయన గుర్రాన్ని అమ్మేశాడు. మా పిన్ని దగ్గర పెరిగాం. అమ్మకు ఫోటో లేదు. ఆ రోజుల్లో మాలాంటి వాళ్ళకు ఫోటో ఎవరు తీస్తారు? సమాధుల పండుగ నాడు అందరూ సున్నం వేసి, పూలు పెట్టి, ఫోటోలు ఆనించి కొవ్వొత్తులు వెలిగిస్తారు. అత్తగారిది, మామగారిది, మా ఆయనది అన్నీ చేస్తాను. అమ్మను ఎక్కడ పెట్టారో కూడా నాకు తెలియదు. నా దగ్గర ఉన్నదల్లా ఒక్క ముఖం. సంచి మూతి దగ్గర నుంచి పైకి చూస్తే ఆకాశం, ఆ ఆకాశానికి అడ్డంగా వంగిన ముఖం. నవ్వుతూ ఏదో అంటోంది. రెండు చేతులు నా చంకల కింద వేసి పైకి లేపుతోంది. ఇంత కాలం కళ్ళు మూసుకుంటే చాలు, వచ్చేది.

ఈ మధ్య అది సరిగ్గా రావడం లేదు. ముక్కు వస్తే నోరు రాదు. ఒక్కోసారి చర్చిలో పక్కన కూర్చున్న ఎవరి ముఖమో వచ్చి దాని మీద కూర్చుంటుంది. అది పూర్తిగా పోయేలోపు కాగితం మీదికి వస్తే బాగుండుననిపించింది. బొమ్మలు వేసే మనిషి మా వీధిలోకి రావడం ఊరికే జరిగిందా అని కూడా అనుకున్నాను.

అడిగితే మేడమ్ వెంటనే ఒప్పుకోలేదు. ఆమె ముఖాలు వేయదు. వేసి చాలా ఏళ్ళయిందట. చూడని మనిషిని మాట మీద వేయడం పోలీసువాళ్ళు చేయించే పని అని నవ్వింది. నేను నవ్వలేదు. అది చూసి ఆమె కూడా నవ్వు ఆపేసి, తెల్ల కాగితం ఒకటి బల్లకు క్లిప్పులతో బిగించింది. రంగులు కాకుండా బొగ్గు పుల్ల తీసింది.

అట్లా వంట అయ్యాక రోజూ కాసేపు కూర్చునేవాళ్ళం. ఆమె గీసేది, నేను చెప్పేదాన్ని. గడ్డం వెడల్పు. ఇంకొంచెం. చెంపలు ఎత్తుగా ఉండాలి. జుట్టు వెనక్కి దువ్వి పక్క కొప్పు. కుడి కనుబొమ్మ మధ్యలో చిన్న గీత లాగా వెంట్రుకలు లేవు, కాలిన మచ్చ ఏమో. మెడలో పూసలు చాలా వరుసలు. గడ్డం మీద పచ్చబొట్టు చుక్కలు. చుక్కల సంగతి చెప్పినప్పుడు మేడమ్ ఒకసారి నా గడ్డం వైపు చూసింది. ఒకరోజు, మీ అమ్మగారు అప్పుడు ఏమంటున్నారు అని అడిగింది. నోరు ఎట్లా తెరిచి ఉందో తెలిస్తే గీయడం తేలికని. ఆలోచించాను. పెదాలు కదులుతున్నాయి, గొంతు కూడా వినబడుతోంది, మాట మాత్రం తెలియడం లేదు. చిన్నదాన్ని కదా, మరిచిపోయాను అన్నాను.

ఒక మధ్యాహ్నం నేను చారు పోపు పెడుతుంటే ముందు గదిలోంచి పిలిచింది. వెళ్ళేసరికి కాగితం కిటికీ వైపు తిప్పి పెట్టి ఉంది.

ఉన్నది ఉన్నట్టు అదే ముఖం. ఆకాశానికి అడ్డంగా వంగి ఉంది. రెండు చేతులు సంచిలోకి దిగుతున్నాయి. వెనక గుర్రం పొట్ట, వేలాడే తాడు. నేను చెప్పని చోట కూడా మేడమ్ సరిగ్గా గీసింది, నవ్వినప్పుడు కళ్ళ పక్కన పడే ముడతలు నేను చెప్పనే లేదు. పొయ్యి మీద పోపు మాడుతున్నా కదల్లేదు. ఆమే వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చింది.

ఎవరికి చూపించాలి? అమ్మను చూసినవాళ్ళలో మిగిలింది మా అక్క ఒక్కతే. అక్క సత్తుపల్లి దగ్గర ఉంటుంది. ఫోన్ చేసి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. మోకాళ్ళ నొప్పులనీ, బస్సు మారాలనీ, పామాయిల్ గెలలు కోసే వాళ్ళకు అన్నం పెట్టాలనీ సవాలక్ష చెప్పింది. చివరికి మా చర్చిలో స్త్రీల కూడికలు పెట్టినప్పుడు వచ్చింది. వస్తూనే మా ఊళ్ళో ఎండ ఎక్కువనీ, మా ఇంటి మెట్లు ఎత్తనీ తిట్టుకుంది. వాళ్ళ ఊరికి బొగ్గు గని దగ్గర. మధ్యాహ్నం పేలుడుకు గిన్నెలు కదలడం అలవాటైపోయి, ఇక్కడ ఏ చప్పుడూ లేకపోతే నిద్ర పట్టడం లేదంది.

మర్నాడు మేడమ్ ఇంటికి తీసుకుపోయాను. అక్క గుమ్మంలోనే ఆగిపోయి నీలం గుర్రాలను చూసి, చెప్పులు విడవాలా వద్దా అన్నట్టు నా వైపు చూసింది. ఆడవాళ్ళను చూసి పమిట సర్దుకుంది.

"ఏందే ఇవన్నీ? మొఖాలు లేవేంది ఈళ్ళకు?"

"ఎయ్యలేదక్కా. నువ్వు ఇటు రా."

కాగితం దగ్గర కూర్చోబెట్టాను. అక్క కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుని పెట్టుకుంది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే ఏమనాలో కూడా అనుకుని ఉంచుకున్నాను. అక్క కాగితం మీద వేలు పెట్టబోయి తీసేసి, సంతోషంగా నవ్వింది.

"ఓయమ్మ, ఈమె నీకు ఎట్ల యాదికున్నదే? వాగు అవతల గూడెపామె గదా. మనకు జావ పోసేది."

మేడమ్ నా వైపు చూసింది. నేను అక్కకు అర్థం కాలేదనుకున్నాను.

"అమ్మ అక్కా. అమ్మను ఏయించిన."

అక్క నవ్వు పోయింది. మళ్ళీ కాగితం చూసింది. ఈసారి చాలాసేపు చూసింది.

"అమ్మకు మొఖం మీద పచ్చబొట్టు ఎక్కడిది?" అంది మెల్లగా. "పక్క కొప్పు ఎన్నడు పెట్టింది అమ్మ? ఇది గూడెపామె. కనుబొమ్మ కాలింది సూడు. పొయ్యి మీద పడ్డదంట చిన్నప్పుడు."

అట్లా ఎట్లా అవుతుందని నేను వాదించాను. నన్ను సంచిలోంచి పైకి లేపుతున్నది అమ్మ కాక ఎవరు? రోజూ లేపేది ఆ చేతులే కదా? అక్క తల అడ్డంగా ఊపింది. చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టింది. కంట్లం ఒక పక్క బరువు తీస్తే రెండో పక్క జారి పడిపోతుంది. రెండు పక్కలా ఒక్కసారే దించాలి. అందుకని గూడెం చేరగానే అమ్మ గుర్రానికి అటు పక్కకు పోయి ఉప్పు సంచి ఎత్తి పట్టుకునేది. ఇటు పక్క నన్ను ఎత్తి దించేంత బలం అక్కకు లేదు. ఆ గూడెపామె ఇంట్లోంచి వచ్చి దించేది. ప్రతిసారీ ఆమెనే. దించి చంకన వేసుకుని వాళ్ళ మాటలో ఏదో మురిపెంగా అనేది. ఆ భాష మా ఇద్దరికీ వచ్చేది కాదు, అమ్మకు కొంచెం వచ్చేది.

నాకు ఈ సంగతి తెలియనిది కాదు. కంట్లం ఎట్లా జారుతుందో కుర్చీ మీద వేసి మేడమ్‌కు చూపించింది నేనే. దించేటప్పుడు రెండో మనిషి కావాలని మాత్రం నాకు తోచలేదు. ఇన్నేళ్ళూ ఆ ముఖం ఎదురుగా ఉన్నా అమ్మ గుర్రానికి అవతల ఉండి ఉంటుందని తోచలేదు. గొంతు వినబడి మాట తెలియకపోవడం ఎందుకో కూడా అప్పుడే తెలిసింది. నేను మరిచిపోలేదు. నాకు ఆ భాషే రాదు.

 బయట ఎవరిదో ట్రాక్టరు పోయింది. మేడమ్ రబ్బరు చేతిలోకి తీసుకుంది. తుడిచి మళ్ళీ మొదలుపెడదామా అన్నట్టు నన్ను చూసింది. నేను లేచి కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. ఆమె నాకు అమ్మ కాకపోవచ్చు, ఇంత కాలం కళ్ళు మూసుకుంటే వచ్చింది ఆమెనే.

అక్కకు కోపం వచ్చింది. అమ్మ బొమ్మ అని ఇంత దూరం పిలిచి ఎవరి ముఖమో పెట్టుకుంటావా అంది. ఆమె పేరేందని అడిగాను. తెలియదంది. పిల్లలున్నారా? యాదికి లేదంది. అమ్మ పోయిందని ఆమెకు ఎవరైనా చెప్పారా, ఉప్పు రాకపోతే ఏమనుకుని ఉంటుంది అని అడిగాను. అక్క కొంగుతో మెడ తుడుచుకుంది.

మేడమ్ ఆ కాగితం విప్పి పక్కన పెట్టి కొత్తది బిగించింది. అక్క వైపు తిరిగి, పెద్దమ్మా మీరు చెప్పండి అంది. అక్క మొదట నాకేం చేతకాదంది. తర్వాత మొదలుపెట్టింది, ఇక ఆపలేదు. అమ్మది సన్నని ముఖం. నుదురు చిన్నది, జుట్టు బాగా ముందుకు ఉండేది. పై పళ్ళ మధ్య సందు. చెవులకు దుద్దులు లేవు, వేపపుల్ల ముక్కలు పెట్టుకునేది. నల్లగా, పొడుగ్గా, ఎముకలు కనబడేట్టు ఉండేది. ఎండకు కళ్ళు చిట్లించి చిట్లించి కళ్ళ కింద గీతలు పడ్డాయి. నేను ఒక మూలన కూర్చుని వింటున్నాను. ఎవరి గురించో చెబుతున్నట్టే ఉంది. నాకు ఒక్కటి కూడా తగల్లేదు.

ఎట్లా నిలబెట్టాలి అని మేడమ్ అడిగింది. అక్క దారిలోనే పెట్టమంది. అమ్మ ముందు తాడు భుజం మీద వేసుకుని నడుస్తూ, గుర్రం, సంచిలో నేను, వెనక పుల్ల పట్టుకుని అక్క. మేడమ్ చెయ్యి త్వరత్వరగా కదిలింది. గుర్రం పొట్టిగా వచ్చింది. తన నీలం గుర్రాల లాగా తల ఎగరేయలేదు, వంచుకుని నడుస్తోంది. అక్క దాని చెవులు ఇంకొంచెం వంచమంది. అమ్మ వీపు వచ్చింది, మెడ వచ్చింది, తాడు పట్టుకున్న మోచెయ్యి వచ్చింది. అదిగో, ఆ మోచెయ్యి నాకు తెలుసు. ఆ వీపు తెలుసు. సంచిలోంచి గుర్రం మెడ పక్కగా నేను చూసింది అదే.

ఆ మాటే అన్నాను. ముఖం వద్దులే మేడమ్, అట్లాగే ఉంచండి, మీ బొమ్మల లాగానే అటు తిరిగి ఉండనీయండి అన్నాను. నాకు గుర్తున్నంత వరకే చాలు అనిపించింది. అమ్మ ఎప్పుడూ వెనక్కి చూసేది కాదు, ముందుకు నడిచేది, నాకు అదే గుర్తు అని కూడా అన్నాను.

అక్క పుల్ల విరిచినట్టు నా మాట విరిచేసింది.

"సూడకపోవుడేంది? వాగు దాటినప్పుడల్లా తిరిగి సూసేది. పిల్ల సంచిల సక్కగ ఉన్నదా లేదా అని. నేను ఎనక ఉన్న గదా, నాకు తెల్వదా? ఒక్కోపాలి గుర్రాన్ని ఆపి మరీ సూసేది."

"మరి నేను ఎందుకు సూడలే?"

"నువ్వు పండుకుని ఉంటివి. గుర్రం ఊగుతది గదా, కొంచెం దూరం పోంగనే పండుకునేదానివి. గూడెపామె దించినప్పుడు లేసేదానివి."

 మేడమ్ రబ్బరుతో అమ్మ తల వరకు తుడిచింది. భుజాలను కదిలించలేదు. అడుగు ముందుకే ఉంది, తాడు భుజం మీదే ఉంది, తల ఒక్కటి వెనక్కి తిప్పింది. అక్క చెబుతూ ఉంది, ఆమె గీస్తూ ఉంది. పళ్ళ సందు కనబడేట్టు నోరు కొంచెం తెరిపించమంది అక్క. నడిచి నడిచి ఊపిరి ఆడక నోరు తెరుచుకునే ఉండేదంది. చివరికి అక్క చెప్పడం ఆపేసింది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అవ్" అంది. అంతే అంది.

నేను లేచి దగ్గరికి వెళ్ళి చూశాను. సన్నగా, నల్లగా, కళ్ళు చిట్లించుకున్న మనిషి. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. నా మనవరాళ్ళ కంటే కాస్త పెద్దది. ఎక్కడా చూసిన ముఖం కాదు. బస్సులో ఎదురుగా కూర్చుంటే పోల్చుకోలేను. చూసే కొద్దీ తెలుసుకోవాలనిపించింది, ఈ చెవికి వేపపుల్ల ఎందుకు, ఈ గీతలు ఏ ఎండకు, ఉప్పు తడిస్తే ఏమనేది, నన్ను ఏమని పిలిచేది. అక్కను అడుగుతూనే ఉన్నాను. అక్క కొన్నింటికి చెప్పింది, కొన్నింటికి నాకూ అప్పుడు ఎన్నేళ్ళే అంది. అమ్మ చూపు గుర్రం మెడ మీదుగా వచ్చి సంచి మూతి మీద ఆగి ఉంది.

మేడమ్ సంచిలో పిల్లను కూడా వేసింది. మంచి మనసుతోనే వేసింది. సంచి అంచు మీద గడ్డం ఆనించి, కళ్ళు పెద్దవిగా తెరిచి, ఆ పిల్ల అమ్మనే చూస్తోంది.

ఆ పిల్ల కళ్ళు మూసేయమని మేడమ్‌కు చెప్పాను.